పొయ్యి కాడి నౌకరి

1984 మే 21

ఈ పుస్తకం తెలుగులో రాస్తున్నాను. అబ్బాకు ఉర్దూ తప్ప రాదు, అమ్మీకి అదీ రాదు. ఇంట్లో ఎక్కడ పడేసినా భయం లేదు. బషీర్ దర్జీ కూతురు మజీదా మనసులో ఏముందో ఎల్లారెడ్డి ఊరు మొత్తానికి తెలియాల్సిన పని లేదు.

ఇవాళ కూడా తినలేదు. ఎర్రకుంటపల్లిలో మా బాల్వాడి మొదలైనప్పటి నుంచి ఇదే వరస. ఊరి పిల్లలు వస్తారు, పాటలు పాడతారు, పూసలు గుచ్చుతారు, అన్నం గంట కొట్టగానే లేచి ఇళ్ళకు పోతారు. హరిజనవాడ నుంచి వచ్చే నలుగురు మాత్రం కూర్చుని తింటారు. మా ఆయా సాలవ్వ చేసిన ఉప్మా గంజులో అట్లాగే ఉండిపోతుంది. ఇవాళ మూత తీసి చూసింది, మళ్ళీ పెట్టింది. ఏమీ అనదు. అదే నాకు బాధ. తిడితే నేనూ కలిసి తిట్టేదాన్ని.

ఈ సెంటరులో ఆయా పోస్టు హరిజనులకే ఇవ్వాలని సర్కారు ఆర్డరు. కామారెడ్డిలో నాకు, సాలవ్వకు ఒకే రోజు ఇంటర్వ్యూ. టీచరు పోస్టుకు వచ్చినవాళ్ళలో బుర్ఖా నేనొక్కదాన్నే. సాలవ్వ లోపలికి పోయి, "సదువు రాదు సారూ, వంటొస్తది" అని చెప్పి వచ్చిందట. ఇద్దరికీ వచ్చింది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఒకే సీట్లో కూర్చుని, ఎందుకో తెలియకుండానే లింగంపేట దాకా నవ్వుకుంటూ వచ్చాం.

ఇవాళ సర్పంచ్ సాయన్న వచ్చాడు. "టీచరమ్మా, నీతోని మాకు పంచాది లేదు. తుర్కల పిల్లవైనా శుభ్రంగుంటవ్. ఆయమ్మను మార్పియ్యి. లేకుంటె పిల్లలు తినరు. తినకుంటె సెంటరెందుకు? పక్కూరికి ఇచ్చెయ్యమని నేనే రాసిస్త" అన్నాడు.

సెంటరు పోతే నాకు ఇంకో ఊళ్ళో ఇస్తారు. సాలవ్వకు ఇవ్వరు. ఆయా ఆ ఊరి మనిషే అయి ఉండాలని రూలు. మొగుడు పోయాక ఆమెకు దొరికిన మొదటి నీడపట్టు పని ఇది.

మే 23

నాకొక ఉపాయం తట్టింది.

నర్సవ్వ వచ్చింది. సాయన్న కోడలు. మా సెంటరులో అందరికంటే ముద్దుగా ఉండే భూలక్ష్మి ఆమె కూతురే. వాకిట్లోనే నిలబడి, "నువ్వొండుతె మా పిల్ల తింటది. దాని చేతిది మాత్రం వద్దు" అంది. ‘దాని’ అంటే సాలవ్వ. సాలవ్వ నర్సవ్వకు తల్లి వయసుది.

నేనే కొంగు దోపి పొయ్యి ముందు కూర్చున్నాను. గోధుమ నూక వేయించాను, ఉల్లిగడ్డ కోశాను, ఉప్మా దించాను. తుర్కపిల్ల చేతిది తింటారా అనుకుంటూనే వడ్డించాను. తిన్నారు! అందరూ తిన్నారు. భూలక్ష్మి మళ్ళీ వేయించుకుంది.

సాలవ్వ పెరట్లో కూర్చుని పప్పు ఏరింది. ఆమెకూ మంచిదే కదా, ఎండాకాలం పొయ్యి సెగ తప్పింది. కొన్నాళ్ళే. పిల్లలకు అలవాటైతే మెల్లగా ఆమెకు అప్పజెప్పొచ్చు.

మే 24

నేనే వండాను. సాలవ్వ పప్పు ఏరింది. అందరూ తిన్నారు.

మే 29

నేనే వండాను. అందరూ తిన్నారు. ఏరడానికి పప్పు లేక సాలవ్వ పెరడంతా ఊడ్చింది. ఊడ్చిన చోటే ఇంకోసారి ఊడ్చింది.

మెల్లగా అప్పజెప్పాలి. తొందరెందుకు?

జూన్ 2

నిన్న నెలవంక కనిపించింది. ఇవాళ రంజాన్ ఉపవాసాల్లో మొదటి రోజా.

ఒక చిక్కు వచ్చిపడింది. రోజా ఉండి వంట రుచి చూడడం ఎట్లా? "నాలుక చివర పెట్టి ఉమ్మెయ్యొచ్చు బేటీ, వండేవాళ్ళకు మాఫీ ఉంది" అంది అమ్మీ. నాకు మనసొప్పదు. పొరపాటున గొంతు దిగితే?

సాలవ్వ పెరటి గుమ్మంలోంచి, "నేను జెర నాలిక్కి రాసుకుని సూడనా టీచరమ్మా?" అని అడిగింది. వద్దన్నాను. ఎవరైనా చూస్తే ఎంగిలి చేసిందంటారు. చేతికి తోచినంత వేశాను. ఎక్కువైతే తియ్యలేం కాబట్టి తక్కువే వేశాను.

పిల్లలు మొహాలు కొంచెం అదోలా పెట్టారు. ఎండకేమో.

జూన్ 6

రుచి చూడకుండా వండినా పిల్లలు గంజు గీకి తింటున్నారు! నా చేతిలో ఇంత మహిమ ఉందని ఇన్నాళ్ళూ తెలియలేదు. అమ్మీతో చెబితే, "ఇంట్లో ఒక్కనాడన్నా చూపించు ఆ మహిమ" అంది. ఓర్వలేనితనం.

జూన్ 11

ఉప్పు డబ్బా అప్పుడే అడుగంటింది. ఎలుకలు ఉప్పు తినవు కదా. మళ్ళీ కొన్నాను.

జూన్ 14

రాయాలని లేదు. కానీ రాయకపోతే నిద్ర పట్టదు.

నిన్న అమ్మీ నా చేతిలో ఉప్పు పోసి, "ఆ పెద్ద గంజుకు నిండు పిడికెడు పడాలి, నువ్వేసేది దేనికీ చాలదు" అని చూపించింది. ఇవాళ నిండు పిడికెడు వేశాను. దారిలో బస్సు ఆగిపోయి ఆలస్యంగా చేరాను. అంతా హడావుడి. దించీ దించగానే పిల్లలతో పాట మొదలుపెట్టాను.

భూలక్ష్మి మొదటి ముద్దే ఉమ్మేసింది. పక్క పిల్ల ఉమ్మేసింది. ఒకరి తర్వాత ఒకరు అందరూ ఏడుపు. నర్సవ్వ అప్పుడే కూతురి కోసం వచ్చింది. పళ్ళెంలో వేలు ముంచి నాకి చూసింది.

"ఏంది టీచరమ్మా, ఉప్పు సంచి గిట్ట బోర్లేసినవా? పిల్లల్ని సంపుదామనుకున్నవా?"

నేను నోరు తెరిచేలోగా పెరట్లోంచి సాలవ్వ వచ్చి నిలబడింది. "ఆమె తప్పు లేదు. ఉప్పు నేనేసిన."

"నువ్వెందుకు ఏస్తివి?"

"రోజు నేనే ఏస్తున్న. ఆమె ఒక్కపొద్దున్నది. రుచి సూడరాదు."

నర్సవ్వ కూతురిని చంకనేసుకుని వెళ్ళిపోయింది. కాసేపట్లో మిగతా తల్లులూ వచ్చి పిల్లల్ని తీసుకుపోయారు. సాయంత్రం బస్సు స్టాపు దగ్గర సాయన్న అందరి ముందూ, "ఇన్నొద్దులు దొంగతనంగ ఆమె చేతిది మా పిల్లలకు తినిపిస్తివి. నమ్మినందుకు మంచిగ చేస్తివి" అన్నాడు. ఏడుపు ఆపుకుని బస్సెక్కాను.

అంతకుముందు సాలవ్వను అడిగాను, ఎందుకు ఊరుకోలేకపోయావని. నీ మీదికి తెచ్చుకోకుండా ఉంటే ఒక్క రోజు ఉప్పు ఎక్కువైందని పోయేది కదా అన్నాను.

"నిన్నంటుంటె ఎట్ల ఊకుంట బిడ్డా?" అంది.

ఎప్పుడూ టీచరమ్మా అనేది. బిడ్డా అని ఇవాళే అంది.

"నువ్వేసే ఉప్పు చీమకు సాలదు. మొదటి దినం పిల్లలు మొఖాలు మాడ్చుకుని సగమే తిన్నరు. నువ్వు మంచిగ ఒక్కపొద్దుండి పొయ్యి కాడ చెమటలు కక్కుతుంటివి. పోనీ అని, నువ్వు పాటలు చెప్పపోయినంక నేను రుచి సూసి ఏసుకుంట వచ్చిన. ఇయ్యాల సూసే టైం లేకపాయె. రోజేసేటంత ఏసిన. నువ్వు గూడ ఏస్తవని నాకేమెరుక?"

ఆ మహిమ నా చేతిది కాదన్నమాట. అంత బాధలోనూ నవ్వొచ్చింది. సాలవ్వ కూడా నవ్వింది. తర్వాత ఇద్దరం పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చాం.

జూన్ 15

వాడ పిల్లలు నలుగురే వచ్చారు.

జూన్ 19

కామారెడ్డి నుంచి మరియ మేడం వచ్చింది. మా సెంటర్లన్నిటికీ పెద్ద ఆమే. సాయన్న అర్జీ ఆమె చేతిలో ఉంది: ఆయాను మార్చాలి, లేదంటే నూక ఇళ్ళకు పంచి సెంటరు ఎత్తెయ్యాలి. నేను అన్నీ చెప్పాను. నేను వండిన రోజుల్లో ఎంతమంది తిన్నారో, సెంటరు పోకుండా ఎంత తంటాలు పడ్డానో చెప్పాను. నిజం చెప్పాలంటే మెచ్చుకుంటుందనుకున్నాను.

"నువ్వొండుతుంటె సాలవ్వ ఏం చేసింది?"

"పప్పు ఏరింది మేడం. ఊడ్చింది."

"ఏరనీకి, ఊడ్వనీకి ఆమెకు నౌకరి దేనికి? ఊరోళ్లు తాతల కాలం నుంచి ఆమెతోని ఊకెనే, పైస ఇయ్యకుంట చేయించుకుంటున్నరు. సర్కారు ఆమెకిచ్చింది పొయ్యి కాడి నౌకరి. ఆ ఆర్డరు రానీకి ఎంతమంది ఎన్నేండ్లు తిరిగిండ్రో నీకెరుకనా? దాన్ని నువ్వొచ్చి గుంజుకున్నవ్."

"ఆమె కోసమే చేశాను మేడం."

"ఎరుకే." మేడం గొంతు తగ్గించింది. "నాకు కొత్తగ నౌకరి వచ్చినప్పుడు ఆఫీసుల కుండ ముట్టనియ్యకపోయేది. నీళ్ల సీస ఇంటి నుంచి తెచ్చుకునేదాన్ని. అయ్యో పాపం అన్నోళ్లు మస్తుమంది ఉండిరి. నాతోని కూసుని తిన్నోళ్లు ఒక్కరు లేకపోయిరి. నువ్వు ఆమె వండింది ఎన్నడన్న తిన్నవా?"

"రోజా మేడం."

"రోజాకు ముందుగాల?"

నేను ఇంటి నుంచి రొట్టె తెచ్చుకునేదాన్ని. అమ్మీ కట్టి ఇచ్చేది. అదొక అలవాటు, అంతే. అంతే కదా?

మేడం సాలవ్వ దగ్గరికి పోయి పొయ్యి పక్కన పీట వేసుకుని కూర్చుంది.

జూన్ 20

అలవాటు అంతే అని రాశాను నిన్న. మళ్ళీ చదివాను. అలవాటు కాదు.

జూన్ 22

ఇవాళ తహసీల్దారు, ఎస్సై, మరియ మేడం కలిసి జీపులో వచ్చారు. ఊరందరినీ పిలిపించారు. తహసీల్దారు పౌరహక్కుల చట్టం చదివి వినిపించాడు. అంటరానితనం పాటిస్తే జైలు దాకా పోతుందన్నాడు. ఎస్సై ఏమీ చదవలేదు, మీసం మీద చెయ్యేసుకుని అందరినీ ఒక్కొక్కరిగా చూశాడు. అదే బాగా పనిచేసింది.

తర్వాత సహపంక్తి భోజనం. సాలవ్వ వండింది, వడ్డించింది. కొత్త చీర కట్టుకుని వచ్చింది. గరిటె గట్టిగా పట్టుకుంది. సాయన్న తహసీల్దారు పక్కనే కూర్చుని, "సాలవ్వా, ఇంకింత ఎయ్యి" అని అడిగి మరీ తిన్నాడు. ఫోటో తీశారు. నా కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఇంత తేలికగా అయిపోయిందే అనుకున్నాను.

మేడం మాత్రం జీపెక్కే ముందు సాయన్నను పిలిచి చెప్పింది. "ఆయా మారది. సెంటరు జరగది. నూక ఇండ్లకు పంచుడు లేదు, తినేటోళ్లు గీడ కూసుని తినాలె. ఆమెను పొయ్యి కాడికెల్లి ఎవరన్న లేపితె కేసయితది. తహసీల్దారు సారు ముంగట చెప్తున్న."

నా వైపు తిరిగి, "ఆమె రోజు వండాలె. నువ్వు రోజు గంట కొట్టాలె. ఎవరొచ్చినా రాకున్నా" అంది.

జూన్ 23

ఎవరూ రాలేదు. నలుగురు వాడ పిల్లలు.

జూన్ 26

గంట కొట్టాను. సాలవ్వ వండింది. నలుగురు తిన్నారు. మిగిలింది వాడలో ముసలివాళ్ళకు పంపాను.

సాలవ్వ గంజు తోముతూ, "టీచరమ్మా, నన్ను తీసెయ్యమని నువ్వే రాయరాదు? ఊకెనే లొల్లి. నేను పోతె నీ సెంటరు మంచిగ నడుస్తది" అంది.

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "నువ్వు పోతే నేనూ పోతా. తర్వాత ఇక్కడ సాయన్న వచ్చి గంట కొడతాడు, నర్సవ్వ పాటలు చెబుతుంది. సరేనా?" అన్నాను. సాయన్న కాళ్ళూపుతూ చిలకమ్మ పాట పాడడం తలుచుకుందేమో, సాలవ్వ గంజు పక్కన పెట్టి కడుపు పట్టుకుని నవ్వింది.

ఈమెను పోనివ్వను. ఈమె నాకు కావాలి. ఇందులో సర్కారుకు సంబంధం లేదు, ఇది నా మాట.

జూన్ 29

గంట కొట్టాను. నలుగురు.

జూలై 3

మొన్న ఈద్ అయింది. ఇవాళ సాలవ్వకు డబ్బాలో షీర్ ఖుర్మా పట్టుకుపోయాను. "పాయసమే గద, పేరెందుకు గంత పెద్దగ?" అంటూ డబ్బా మొత్తం ఊడ్చేసింది.

నేను సంచిలో రొట్టె పెట్టుకోలేదు. పొద్దున అమ్మీ కట్టబోతే, ఇకనుంచి వద్దు, సాలవ్వ వండింది తింటానని చెప్పాను. అమ్మీ "బాగా వండుతుందా?" అని అడిగింది. నాకు తెలియదన్నాను. ఇన్ని నెలలు పక్కన ఉండి, నాకు తెలియదు.

గంట కొట్టి, పిల్లలకు పెట్టించి, నేనూ పళ్ళెం పట్టుకుని ముందు గడప మీద కూర్చున్నాను. దారిన పోయేవాళ్ళంతా చూశారు. సాయన్న ఎడ్లను తోలుకుపోతూ చూశాడు. నేను తలొంచుకోలేదు. ఉప్మా వేడిగా ఉంది, ఆవాలు చిటపటలాడించి, కరివేపాకు దండిగా వేసింది. కడుపు నిండా తిన్నాను. లోపల సాలవ్వ పళ్ళెం ముందు పెట్టుకుని కూర్చుని తినకుండా నన్నే చూస్తోంది. లేచి పోయి ఆమె పక్కన కూర్చున్నాను. అప్పుడు తిన్నది.

బాగా వండుతుంది అమ్మీ.

జూలై 10

మూడు రోజుల నుంచి ముసురు. చెరువు కింద నాట్లు మొదలయ్యాయి. ఊళ్ళో ఆడవాళ్ళెవరూ ఇంట్లో లేరు. గొర్ల బీరయ్య భార్య పొద్దున్నే ఇద్దరు పిల్లల్ని తెచ్చి, "తడుస్తున్నరు, జెర లోపట కూసోపెట్టుకో" అని చెప్పి ఉరికింది. తినిపించమని అనలేదు, తినిపించొద్దనీ అనలేదు.

గంట కొట్టినప్పుడు ఇద్దరూ గోడ వైపు తిరిగి కూర్చున్నారు. కాసేపటికి చిన్నది ఇటు తిరిగింది. ఇంకాసేపటికి పెద్దది. సాలవ్వ పిలవలేదు. రెండు పళ్ళేల్లో వేసి దగ్గర పెట్టి వచ్చేసింది.

తిన్నారు.

జూలై 12

బీరయ్య పిల్లలు వచ్చారు. ఇంకో ఇంటి నుంచి కూడా వచ్చారు. నాట్లు వేసే చేతులకు పిల్లల్ని ఎత్తుకునే తీరిక లేదు. జాలితో పంపుతున్నారని నేను రాయను. పంపుతున్నారు, అది చాలు. ఆ రోజు మేడం సాయన్న మాట విని సెంటరు తీసేసి ఉంటే, నూక ఇళ్ళకు పంచి ఉంటే, ఇవాళ వీళ్ళు వచ్చి కూర్చోవడానికి ఇక్కడ ఏముండేది?

భూలక్ష్మి రాలేదు. నర్సవ్వ పిల్లను పొలం గట్టు మీద గోనెసంచి కప్పి కూర్చోబెడుతోందట. దగ్గు పట్టుకుందని బీరయ్య భార్య చెప్పింది. సాలవ్వ విని, "ఆ పిల్ల మీద కోపమేంది వాళ్లకు?" అంది.

జూలై 18

నర్సవ్వ వచ్చింది.

పొద్దున వాన కురుస్తుండగా భూలక్ష్మిని చంకనేసుకుని వచ్చింది. పిల్ల దగ్గుతోంది. నర్సవ్వ నా మొహం చూడలేదు. "పగటాల్ల వచ్చి తీస్కపోత. ఆకలంటె అటుకులు మూట కట్టిన, అవ్వే పెట్టు" అని చెప్పి, పిల్లను గడప లోపల దించి వెళ్ళిపోయింది. సాలవ్వ పొయ్యి దగ్గరి నుంచి లేవలేదు.

గంట కొట్టాను. భూలక్ష్మికి అటుకుల మూట విప్పి ఇచ్చాను. అది మూట నా చేతిలోనే పెట్టి, తనే పోయి పళ్ళెం తెచ్చుకుని వరసలో కూర్చుంది. బీరయ్య చిన్నబిడ్డను కొంచెం జరగమని మోచేత్తో నెట్టింది కూడా.

సాలవ్వ గరిటె పట్టుకుని నా వైపు చూసింది. "ఏం చెయ్యాలె? ఎయ్యాల్నా?"

వాళ్ళమ్మ వద్దంది. పిల్ల కావాలంటోంది. నాకు భయమేసింది. మళ్ళీ లొల్లి అవుతుందేమో, వచ్చిన పిల్లలు కూడా పోతారేమో. అయినా ఒకసారి ఆ పొయ్యి ముందు నేను కూర్చున్నందుకే ఇంత దూరం వచ్చింది.

"నీ పొయ్యి. నీ ఇష్టం" అన్నాను.

సాలవ్వ వేసింది. భూలక్ష్మి తింది. ముక్కు, బుగ్గలు, గదవ, అన్నిటికీ అంటించుకుని తింది.

మధ్యాహ్నం వస్తానన్న నర్సవ్వ ముందే వచ్చేసింది. మోకాళ్ళ దాకా, మోచేతుల దాకా బురద. చూరు కింద నిలబడి లోపలికి చూసింది. కూతురు ఆఖరి ముద్ద నోట్లో పెట్టుకుంటోంది. నేను లేచి నిలబడ్డాను. ఏమంటుందా అని చూస్తున్నాను. పిల్ల పళ్ళెం ఖాళీ అయ్యేదాకా నర్సవ్వ అట్లాగే నిలబడింది.

భూలక్ష్మి లేచి తల్లి దగ్గరికి పోలేదు. రోజూ వాడ పిల్లలు చేసినట్టే నీళ్ళ తొట్టి దగ్గర సాలవ్వ ముందుకు పోయి, మూతి కడగమని మొహం ఎత్తి కళ్ళు మూసుకుంది.

సాలవ్వ చెంబులో నీళ్ళు ముంచింది. చెయ్యి పైకి లేపింది. ఊరి పిల్లలు ఎవరి మొహం వాళ్ళే కడుక్కుంటారు, లేకపోతే నేను కడుగుతాను. సాలవ్వ వాళ్ళను ముట్టదు. ఎవరూ చెప్పలేదు, తనే ముట్టదు. చెయ్యి అట్లాగే గాల్లో ఆపి నర్సవ్వ వైపు చూసింది.

చూరు నీళ్ళు నర్సవ్వ వీపు మీద పడుతున్నాయి. ఆమె తన చేతుల వైపు చూసుకుంది.

"కడుగు సాలవ్వా," అంది. "నా చేతులకు బురదున్నది."

సాలవ్వ కడిగింది. ముక్కు, బుగ్గలు, గదవ కడిగి, కొంగుతో తుడిచింది. నర్సవ్వ పిల్లను ఎత్తుకుని, "రేపు గూడ తోలిస్త" అని చెప్పి వానలోకి వెళ్ళింది.

సాలవ్వ తడి చెయ్యి తుడుచుకోకుండా పొయ్యి దగ్గర కూర్చుంది. చాలాసేపటికి ఆ చెయ్యి నా ముందు చాపి చూపించింది.

"ఆ పిల్ల మొఖం ఎంత సిన్నగున్నది బిడ్డా! గీ అరచేతిల పట్టింది."